పాత ప్లాస్టిక్ కారు బొమ్మని విప్పి, రంగు ఊడదీసి, కొత్త పెయింటుకి సిద్ధం చేయడం ఎలా

థిన్నర్ కొనుక్కొచ్చి ఉంటే ముందు దాన్ని తీసుకెళ్ళి వసారా అవతల పెట్టేయండి. పెట్రోలు, గోళ్ళరంగు తుడిచే రిమూవరు కూడా దాని పక్కకే. నేను చూసినంతలో పాత కారు బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది ఈ మూడింటి వల్లే.

మా మావయ్య మస్కట్ నుంచి వస్తూ నాకో కిట్ కారు, అంటే ముక్కలుగా వస్తే మనమే అతికించుకునేది, తెచ్చాడు. 1/24 స్కేలుది, అంటే అసలు కారు పొడవులో ఇరవై నాలుగో వంతు. బడి రోజుల్లో అతికించి, మా ఇంటి కిటికీలకి వేయగా మిగిలిన నీలం రంగు బ్రష్షుతో దట్టంగా పూసేశాను. చాలా ఏళ్ళకి అటక మీంచి దింపి, బాగుచేద్దామని అమలాపురంలో ఒక రంగుల కొట్టులో అడిగితే, "థిన్నర్‌లో పడేయండి, మొత్తం ఊడొచ్చేస్తుంది" అన్నారు. పడేశాను. పావుగంట తర్వాత రంగు ఊడిన మాట నిజమే. దాంతోపాటు టాపు మెత్తబడి, వేలు ఆనిస్తే మామిడి తాండ్రలా సాగింది. తలుపుల గీతలు, బానెట్ మీది సన్నటి అక్షరాలు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ కిట్ మళ్ళీ దొరకలేదు. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎందుకలా అయిందో తెలిస్తే మిగతా పని తేలిగ్గా అర్థమవుతుంది. కిట్ కార్లు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో పోతపోసినవి. వాటి ముక్కల్ని అతికించడానికి వాడే, సిమెంటు అని పిలిచే ప్రత్యేకమైన జిగురు మామూలు జిగురులా మధ్యలో పొరగా నిలవదు. అంచుల్ని కరిగించి రెండు ముక్కల్నీ ఒక్కటి చేసేస్తుంది. థిన్నర్‌లో ఉండే టాల్యూయీన్, అసిటోన్ లాంటివి చేసేదీ అదే, కాకపోతే అంచుకి మాత్రమే కాదు, ఒళ్ళంతా. మనకి కావలసింది రంగుని పట్టుకుని ప్లాస్టిక్ జోలికి వెళ్ళని ద్రవం. అలాంటివి మూడున్నాయి, మూడూ మన ఊళ్ళల్లో దొరికేవే. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు కారుని విప్పాలి.

మీ చేతిలో ఉన్నది ఏ కారు

టామియా, రెవెల్, మోనోగ్రామ్, ఏఎంటీ లాంటి కిట్లయితే పాలీస్టైరీన్. 1/24, 1/25 స్కేళ్ళలో వచ్చేవి ఇవే. తీర్థాల్లో, బజారు కొట్లల్లో కొన్న, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే అంబాసిడర్, మారుతి 800 లాంటివయితే ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్. అది ఇంకాస్త గట్టిది. థిన్నర్ రెండింటికీ శత్రువే. అసలు అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి, ఇంట్లో చిన్న బొమ్మ ఉన్నా సరే దాన్ని జాగ్రత్తగా చూడండి.

ఇంకో పరీక్ష చేయండి. కారు లోపలివైపు, ఎవరికీ కనపడని చోట బ్లేడుతో చిన్న గీత గీయండి. గీత లోపల కూడా అదే రంగుంటే అది పెయింటు కాదు, ప్లాస్టిక్ రంగే. అప్పుడు ఊడదీయడానికి ఏమీ లేదు, విప్పి, కడిగి, రుద్దుకుంటే చాలు.

విప్పడం

చిన్న ప్లస్ స్క్రూడ్రైవరు, కొత్త బ్లేడు, గట్టి కుట్టు దారం, మిషను నూనె, పాత టూత్ బ్రష్షులు రెండు, కొబ్బరి ఈనెలు ఓ గుప్పెడు, పాత ఇడ్లీ ప్లేటు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇడ్లీ ప్లేటు ఎందుకంటే, విప్పిన భాగాల్ని విప్పిన వరసలో గుంటకొకటిగా పెట్టుకోవడానికి. మొదటి గుంటలో కింది స్క్రూలు, రెండో దాంట్లో ముందు చక్రాలు, అలా. ఒకే డబ్బాలో పోసేస్తే చివర్లో ఏ స్క్రూ ఎక్కడిదో తెలియదు. ముందువాటికీ వెనకవాటికీ పొడవు తేడా ఉంటే పొడుగుది పొట్టిదాని చోట బిగించి పైకి పొడుచుకొచ్చేలా చేసుకుంటాం.

స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు ఫోను పట్టుకోండి. పైనుంచి, కిందనుంచి, నాలుగు పక్కలనుంచి, సీట్ల లోపలికి ఫోటోలు తీయండి. తర్వాత ప్రతి భాగం ఊడినప్పుడల్లా ఇంకోటి.

బొమ్మ కార్లయితే అడుగున రెండు నుంచి నాలుగు స్క్రూలుంటాయి. కనిపించినవన్నీ తీసినా అడుగు కదలకపోతే బలం పెట్టకండి. అడుగున అంటించిన స్టిక్కరు మీద గోరుతో రాస్తూ వెళ్ళండి, గుంట తగిలిన చోట ఇంకో స్క్రూ దాక్కుని ఉంటుంది. కొన్నిటికి స్క్రూలే ఉండవు, ప్లాస్టిక్ గుబ్బని కరిగించి అణిచేసి ఉంటారు. ఆ గుబ్బ తలని బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కేస్తే అడుగు వదులుతుంది. లోపల నల్లటి చిన్న పెట్టెలో లాగి వదిలే మోటారు ఉంటుంది. దాన్ని పెట్టె పెట్టెగానే తీసి పక్కన పెట్టండి. తెరిస్తే స్ప్రింగూ పళ్ళచక్రాలూ ఎగిరిపోతాయి, మళ్ళీ కూర్చలేం.

కిట్ కారుకి సాధారణంగా స్క్రూలుండవు. అడుగు భాగం ముందువైపు ఒక పెదవిలో దూరి, వెనకవైపు నొక్కుకుని కూర్చుని ఉంటుంది. కారుని తిరగేసి, ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుని, రెండు బొటనవేళ్ళతో తలుపుల కింది అంచుల్ని కొద్దిగా బయటికి వెడల్పు చేస్తూ వెనకనుంచి అడుగుని పైకి లేపండి. టాపు పట్టుకుని మాత్రం తిప్పొద్దు. ముందద్దం రెండు పక్కలా ఉండే స్తంభాలు అగ్గిపుల్లంత కూడా ఉండవు. పాతబడ్డ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, టప్పున విరుగుతుంది.

చక్రాలు ఇనుప కడ్డీకి నొక్కి బిగించినవయితే, తిన్నగా లాగితే వచ్చేయాలి. కానీ అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళల్లో ఆ కడ్డీ తుప్పు పట్టి పట్టేసి ఉంటుంది. కడ్డీ చక్రంలోకి దూరే చోట ఒక్క చుక్క మిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగండి. ఒక్కసారిగా గుంజితే చక్రం మధ్యలో చీలుతుంది.

అద్దాల్ని లోపలనుంచి బయటికి కాదు, బిగించిన దారినే వెనక్కి తీయాలి. కిట్లలో అద్దం లోపలనుంచి అంటించి ఉంటుంది కాబట్టి బయటనుంచి మెత్తటి గుడ్డ చుట్టిన వేలితో అంచుల దగ్గర నొక్కండి, మధ్యలో కాదు. అద్దాలు రంగు తీసే ఏ ద్రవంలోనూ పడకూడదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌కి సన్నటి పగుళ్ళు త్వరగా వస్తాయి. మసకబారి ఉంటే తెల్లటి పళ్ళపేస్టుతో, జెల్లు కాదు, దూదితో చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దండి. ఓపిగ్గా రుద్దితే మెరుపు తిరిగొస్తుంది.

అతికిన చోట్లు

ఏ జిగురో కనిపెట్టాకే చేయి పెట్టండి. తెల్లగా, రబ్బరులా ఉంటే ఫెవికాల్ లాంటిది. గోరువెచ్చని నీళ్ళలో ఓ గంట నానితే మెత్తబడి వచ్చేస్తుంది. మరిగే నీళ్ళు వద్దు, పాలీస్టైరీన్ 90 డిగ్రీలు దాటాక మెత్తబడి వంకర తిరుగుతుంది.

గాజులా గట్టిగా, చుట్టూ తెల్లటి పొగలాంటి మరకతో ఉంటే ఫెవిక్విక్ తరహా జిగురు. దీనికి మందు ఫ్రీజరు. కారుని కవర్లో పెట్టి, గాలి తీసి, గట్టిగా ముడేసి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచండి. ఆ చలికి జిగురు పెళుసెక్కుతుంది. బయటికి తీసిన వెంటనే అతుకులో బ్లేడు మొన పెట్టి కొద్దిగా మెలిపెడితే చాలాసార్లు టక్కుమని విడిపోతుంది. వెంటనే అనడం ఎందుకంటే మన ఉక్కపోతలో రెండు నిమిషాలకే అది మామూలు వేడికి వచ్చేస్తుంది. విడిపోకపోతే మళ్ళీ ఫ్రీజర్లోకే, చేతి బలం మీదికి కాదు.

కిట్ సిమెంటుతో అతికించింది మాత్రం అతుకు కాదు, వెల్డింగు. దాన్ని విడదీయలేం, కోయాలి. గట్టి కుట్టు దారాన్ని అతుకు గీత వెంట వేసి రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే నెమ్మదిగా కోసుకుంటూ పోతుంది. బంపరు లాంటి చిన్న ముక్కలకి ఇది బాగా పనిచేస్తుంది. టాపు, పెద్ద భాగాలు అలా అతికి ఉంటే వదిలేయమనే నా సలహా. విడదీయకుండానే రంగు వేసుకోవచ్చు, టేపుతో మూసి వేరే రంగూ వేసుకోవచ్చు.

రంగు ఊడదీయడం

మూడు ద్రవాలన్నాను కదా. మొదటిది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందరూ ఐపీఏ అంటారు. సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాళ్ళు బోర్డులు తుడవడానికి వాడేది ఇదే, వాళ్ళనడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. 99 శాతానిది తీసుకోండి. రెండోది డెటాల్, ఏమీ కలపని చిక్కటిది. మూడోది బ్రేక్ ఆయిల్, బైకు మెకానిక్కుల దగ్గర దొరికే డాట్ 3. డాట్ 5 అని ఉన్నది సిలికాన్ తరహాది, అది రంగుని ఏమీ చేయదు.

ఏది వాడాలో కారే చెబుతుంది. దూది పుల్లని ఐపీఏలో ముంచి, టాపు లోపలివైపు ఒక నిమిషం రుద్దండి. దూదికి రంగు అంటితే అది అక్రిలిక్ రకం పెయింటు అయి ఉంటుంది, ఐపీఏ చాలు. ఏమీ అంటకపోతే ఏళ్ళ తరబడి గట్టిపడిన ఎనామెల్ కావచ్చు, నా నీలం కిటికీ రంగులాంటిది. దానికి బ్రేక్ ఆయిల్ కావాలి. బజారు బొమ్మలకి మాత్రం బ్రేక్ ఆయిల్ జోలికి వెళ్ళకుండా మిగతా రెండిట్లోనే ప్రయత్నించండి. ఏబీఎస్‌కి దానివల్ల పగుళ్ళు రావచ్చు.

ఇక్కడ కొంచెం భయపడాల్సిన సంగతులు చెప్పాలి. ఐపీఏ ఆవిరి అంటుకుంటుంది. పొయ్యి, దేవుడి దీపం, దోమల కాయిల్ ఏవీ ఆ దరిదాపుల్లో వెలగకూడదు. ఇంకోటి ముఖ్యంగా మనవైపు వాళ్ళకి: రొయ్యల చెరువులున్న ఇళ్ళల్లో బ్లీచింగ్ పౌడరు బస్తాలుంటాయి. బ్రేక్ ఆయిలు, బ్లీచింగ్ పౌడరు కలిస్తే కాసేపటికి వాటంతటవే భగ్గుమంటాయి. ఆ బస్తాలున్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు, ఒలికిన బ్రేక్ ఆయిలు తుడిచిన గుడ్డ కూడా అటు పోకూడదు. చేతులకి తొడుగులు వేసుకోండి, కిటికీలు తీసి ఉంచండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

మూతున్న ఐస్‌క్రీమ్ డబ్బా తీసుకోండి, ఆ ప్లాస్టిక్ ఈ మూడింటినీ తట్టుకుంటుంది. కారు బాడీని అందులో పెట్టి, మునిగేదాకా పోసి మూత పెట్టండి. ఐపీఏ అయితే అరగంటకోసారి చూడండి, కొన్ని రంగులు గంటలో ముడతలు పడిపోతాయి, కొన్ని రాత్రంతా అడుగుతాయి. డెటాల్‌కి ఒక పగలూ ఒక రాత్రీ. బ్రేక్ ఆయిల్‌కి ఆరు గంటలకి మొదటిసారి చూసి, తర్వాత పూటకోసారి చూస్తూ రెండు మూడు రోజుల దాకా ఉంచొచ్చు.

రంగు ముడత పడి పైకి లేచిందంటే రుద్దే వేళయింది. బాడీని ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలు లోపలనుంచి టాపుకి ఆనించండి. అద్దాలు తీసేశాక స్తంభాలకి ఆ ఆసరా తప్ప ఇంకేమీ లేదు. టూత్ బ్రష్షుని అదే ద్రవంలో ముంచి ఒకే దిక్కుగా రుద్దండి. వెడల్పు చోట్ల రంగు పెచ్చులుగా వచ్చేస్తుంది. పేచీ అంతా గీతల్లో ఉంటుంది. తలుపుల చుట్టూ, బానెట్ అంచున, టాపు పక్కల నీళ్ళు జారే సన్నటి కాలువలో రంగు పట్టుకుని వదలదు. సూది పెడితే ప్లాస్టిక్ మీద గీత పడుతుంది, అగ్గిపుల్ల అందులో దూరదు. దానికే కొబ్బరి ఈనెలు. బాగా ఎండిన ఈనెని ఏటవాలుగా కోస్తే కలం పాళీలాంటి మొన వస్తుంది. రంగుని గీకేంత గట్టిది, ప్లాస్టిక్‌ని గాయపరచనంత మెత్తది. ఆ మొనని గీతలో పెట్టి మెల్లగా లాగితే నానిన రంగు సన్నటి పోగులా చుట్టుకుని వస్తుంది. నాలుగు లాగుళ్ళకి మొన నలిగిపోతుంది, మళ్ళీ కోసుకోండి. గుప్పెడు ఈనెలు అన్నది ఇందుకే.

ఒక్క విడతలో మొత్తం రాదు. మొండికేసిన చోట బలంగా రుద్దే బదులు మళ్ళీ నానబెట్టండి. ద్రవం చేసే పని చేత్తో చేస్తేనే గీతలు అరిగిపోయేది.

డెటాల్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. నానిన రంగు జిగట ముద్దలా తయారవుతుంది. అది ఉండగా నీళ్ళు తగిలితే తారులా మారి బాడీకి అంటుకుపోతుంది. అందుకని రుద్దడం డెటాల్‌లోనే, తర్వాత కొత్త డెటాల్‌లో ఇంకో ముంపు, టిష్యూతో తుడుపు, రంగు పూర్తిగా పోయాకే సబ్బు నీళ్ళు.

క్రోమ్ ముక్కలు

బంపర్లు, గ్రిల్లు, చక్రాల కప్పులు వెండిలా మెరుస్తుంటే అది రంగు కాదు, ఆవిరి చేసి పట్టించిన పలచటి అల్యూమినియం పొర. బాగుంటే ముట్టుకోకండి, ఇంట్లో మళ్ళీ అలా తేలేం. మచ్చలు పడి రాలిపోతుంటే బట్టల మరకలకి వాడే ద్రవ బ్లీచులో వేయండి, చూస్తుండగానే మెరుపు కరిగిపోతుంది. అడుగున ఒక పసుపు లక్క పొర మిగిలితే, ముందు బ్లీచు పోయేదాకా నీళ్ళతో బాగా కడిగాకే ఐపీఏలో నానబెట్టండి. బ్లీచుని ఐపీఏతో గానీ, బాత్రూములు కడిగే యాసిడ్‌తో గానీ కలవనివ్వకండి. విషపు పదార్థాలు పుడతాయి.

కడగడం, పారబోయడం

గిన్నెలు తోమే ద్రవంతో, గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు కడగండి. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆరాక తెల్లటి మచ్చలు వదులుతాయి. ఆ మచ్చల మీద పెయింటు సరిగా పట్టదు. చివరి కడుగు మాత్రం తాగే ఆర్వో నీళ్ళతో చేయండి. గుడ్డతో తుడవకుండా ఫ్యాను కింద ఆరనివ్వండి. ఎండలో వద్దు, రోహిణి కార్తెలో డాబా మీద పెట్టిన బాడీ టాపు వంగిపోయింది నాకు.

వాడిన ఐపీఏని పారబోయకండి. సీసాలో రెండు రోజులు తేరనిచ్చి, పాత పంచె గుడ్డలో వడగట్టుకుంటే ఇంకో కారుకి పనికొస్తుంది. బ్రేక్ ఆయిలుని, డెటాల్‌ని మాత్రం కాలువలోకి, బోదెలోకి, చెరువు గట్టున ఎక్కడా పోయొద్దు. డెటాల్ చేపల్ని చంపుతుంది, ఆ నీళ్ళు మనవాళ్ళ చెరువుల్లోకే చేరతాయి. రైసుమిల్లు ఊక ఒక కవర్లో వేసి, ద్రవాన్ని అందులో ఇంకనిచ్చి, మూటకట్టి చెత్తబండికి ఇవ్వండి. తగలబెట్టవద్దు.

ప్రైమరు దాకా

ఆరిన బాడీని ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. పోతపోసినప్పుడు అచ్చులు కలిసిన చోట టాపు మీదుగా సన్నటి గట్టులాంటి గీత కనిపిస్తుంది. దాన్ని 600 నంబరు వాటర్ పేపరుతో, తర్వాత బాడీ మొత్తాన్ని 1000తో, నీళ్ళు తడుపుతూ తేలిగ్గా రుద్దండి. గీతల మీద కాదు, వాటి పక్కన. మళ్ళీ కడిగి ఆరబెట్టాక చేత్తో ముట్టుకోకండి, వేళ్ళ జిడ్డు పెయింటు కింద మచ్చలా తేలుతుంది.

ప్రైమరంటే అసలు రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే అడుగు పూత. స్ప్రే డబ్బాలో వచ్చే బూడిదరంగు ప్రైమరు వాడండి. కార్ల షెడ్డుల్లో వాడే డబ్బాలు కొన్ని ప్లాస్టిక్‌ని కొరుకుతాయి, అందుకని ముందు అడుగు భాగం లోపలివైపు కొట్టి ఒక రోజు చూడండి. ఎర్ర ప్లాస్టిక్ కారుకి తెలుపో పసుపో వేయాలనుకుంటే ప్రైమరు మీద ఒక పూత వెండిరంగు వేసుకోండి, లేకపోతే లోపలి ఎరుపు మెల్లగా పైకి ఊరి గులాబీ రంగు తేలుతుంది.

వేళ చూసుకోవడం మన డెల్టాలో చాలా ముఖ్యం. స్ప్రే పెయింటు ఆరేటప్పుడు దాని ద్రావకం ఎగిరిపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాల్లో తేమ ఎక్కువుంటే అది అక్కడ నీరై, పాలు ఒలికినట్టు తెల్లటి మసక పడుతుంది. వాన ముసురులో, తుపాను గాలి తిరిగినప్పుడు స్ప్రే చేయవద్దు. సంక్రాంతి రోజులు బాగుంటాయి కానీ పొద్దున్న మంచు కురుస్తుంది, పదకొండు దాటాక మొదలుపెట్టి మూడింటిలోపు ముగించండి.

మొదటి పూత పలచగా, ప్లాస్టిక్ కనపడేంత పలచగా కొట్టండి. ఆ బూడిద రంగు కిందనుంచి తలుపు మూలల్లో మిగిలిపోయిన పాత రంగు గట్లుగట్లుగా బయటపడుతుంది, కంటికి అప్పటిదాకా కనపడదది. ఆరాక ఈనెతో గీకి, 1000తో ఒకసారి తాకి, రెండో పూత వేయండి. తర్వాత ఒక రోజంతా ముట్టుకోకండి.

ఈలోపు టైర్లని విడిగా కాగితంలో చుట్టి పెట్టండి. మెత్తటి వినైల్ టైర్లలోంచి ఏళ్ళ తరబడి ఒక నూనెలాంటిది ఊరుతుంది, అది ప్లాస్టిక్ చక్రాన్నీ, పక్కనే పడున్న అద్దాన్నీ కరిగిస్తుంది. పాత పెట్టెలు తెరిచినప్పుడు చక్రాల అంచున టైరు ముద్ర పడి గుంట కనిపిస్తే కారణం అదే. ఆ గుంటని పుట్టీతో పూడ్చి, చక్రానికి కూడా రంగు వేసి, బాగా గట్టిపడ్డాకే టైరు ఎక్కించండి. పై రంగు వేయడం, ఆరడం అయ్యాక ఫోనులో చివరి ఫోటోనుంచి వెనక్కి చూసుకుంటూ, ఇడ్లీ ప్లేటులో చివరి గుంటనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ బిగించుకుంటూ రండి. అద్దాల్ని మాత్రం ఫెవిక్విక్‌తో అంటించకండి, దాని ఆవిరికే అవి తెల్లబారతాయి. నాలుగు మూలలా నాలుగు చుక్కలు ఫెవికాల్ చాలు.